గంట కొట్టకండి, మాట పూర్తి చేయనివ్వండి

మొన్న మన ప్రవాస తెలుగు సంఘం వార్షికోత్సవంలో పిల్లలకు పెట్టిన అచ్చ తెలుగు పోటీ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. రూల్స్ మీకు తెలిసినవే. మైకు ముందు నిలబడి మాట్లాడాలి, ఇంగ్లీషు ముక్క దొర్లితే గంట మోగుతుంది, దిగిపోవాలి. ఎనిమిదేళ్లుంటాయేమో, ఒక పాప మొదలుపెట్టింది: "మా తాతయ్యకి రోజూ ఫోన్ చేస్తాను. తాతయ్యకి సరిగ్గా వినపడదు, సో ఐ హావ్ టు..." ‘ఫోన్’ దగ్గర మోగని గంట అక్కడ మోగింది. హాలంతా నవ్వింది. తాతయ్యకు వినపడకపోతే ఆ పాప ఏం చేస్తుందో మనకెవరికీ తెలియలేదు. దిగి వచ్చాక వాళ్లమ్మ పక్కన కూర్చుని, ప్రోగ్రామ్ అయ్యేదాకా ఏ భాషలోనూ నోరు విప్పలేదు.

పిల్లలకు తెలుగు రాకుండా పోతుందన్న, పోటీ పెట్టినవాళ్ల బెంగ నిజమైనదే. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో సుమారు 1,900 కుటుంబాలను పరిశీలించి భాషాశాస్త్రవేత్త అనిక్ డి హౌవర్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఇంట్లో అక్కడి భాష కాని వేరే భాష మాట్లాడుతున్నా, దాదాపు నాలుగో వంతు పిల్లలు ఆ భాష మాట్లాడటం లేదు. మన ఇళ్లలో జరుగుతున్నదీ కళ్లముందే ఉంది. అయితే ఆ బెంగకు మందు గంట కాదు.

అసలు రెండు భాషలు రావడమంటే ఏమిటి? రెండూ మాతృభాషంత ధాటిగా రావాలన్నాడు అమెరికా భాషాశాస్త్రవేత్త లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లో. ఆ కొలత పెడితే మనలో ఎందరం నిలుస్తాం? తర్వాత ద్విభాషుల మీద పరిశోధన చేసిన ఫ్రాన్స్వా గ్రోజాన్ లాంటివాళ్లు దాన్ని పక్కన పెట్టి, రోజువారీ బతుకులో రెండు భాషలు వాడేవాళ్లంతా ద్విభాషులేనన్నారు. ఏ భాష ఎవరితో, ఏ పనికి వాడతామో ఆ మేరకే అది పెరుగుతుంది. లెక్కలు ఇంగ్లీషులో నేర్చుకున్న పిల్లకి భిన్నాల గురించి తెలుగులో చెప్పడం కష్టమే. అమ్మమ్మ దగ్గర గారాలు పోవడం తెలుగులోనే వస్తుంది.

మా అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఒకరోజు కళ్లు తిరుగుతున్నాయంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, నేను కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ కాగితాలతో ఉండిపోయాను, మా అబ్బాయి అమ్మతో లోపలికి వెళ్లాడు. ఆదివారం తెలుగు క్లాసులో వాడివి ఎప్పుడూ అత్తెసరు మార్కులే. నేను తలుపు తీసేసరికి అడుగుతున్నాడు: "అమ్మమ్మా, రూమంతా తిరుగుతున్నట్టుందా, లేక నువ్వే పడిపోతావనిపిస్తోందా?" అమ్మ కాసేపు ఆలోచించి, "గది తిరగట్లేదురా, లేచి నిలబడితే పడిపోతానేమో అనిపిస్తోంది" అంది. వాడది డాక్టరుకి చెప్పాడు. ఆయన వెంటనే కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. ఆ రెండు రకాలకీ కారణాలు వేరుగా ఉంటాయని తర్వాత ఆయనే చెప్పారు. అంత పని చేసిన ప్రశ్నలో ‘రూమ్’ ఉంది. మన స్టేజి మీదైతే అది సగంలోనే ఆగిపోయేది.

కలిపి మాట్లాడితే రెండూ రానట్టేనని మనవాళ్ల నమ్మకం. ఆ కలపడానికీ వ్యాకరణం ఉంది. మన పిల్లలు ‘లైట్ ఆన్ అయింది’ అంటారు, ‘లైట్ ఆన్ చేశాను’ అంటారు. ‘బస్ మిస్ అయింది’ అంటారు, తప్పు తమదైతే ‘మిస్ చేసుకున్నాను’ అంటారు. దానంతట అది జరిగిందా, ఎవరైనా చేశారా అన్న తేడాని ఇంగ్లీషు మాట మీద కూడా తెలుగు క్రియతోనే చూపిస్తున్నారు. కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు, ఇంట్లో విని పట్టుకున్నారు. న్యూయార్క్‌లోని ప్యూర్టోరికో వాసుల మీద భాషాశాస్త్రవేత్త షానా పాప్లాక్ 1980లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఒకే వాక్యంలో తడబడకుండా భాష మార్చినవాళ్లు ఎక్కువగా రెండూ బాగా వచ్చినవాళ్లే.

కార్యవర్గానికి నా విన్నపం ఇదే. వచ్చే వార్షికోత్సవంలో ఆ గంట తీసేయండి. ఆ పోటీకి ఇచ్చే సమయంలో పిల్లల్ని మన పెద్దవాళ్లతో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించండి. మాట దొరక్కపోతే ఇంగ్లీషులోనే అననివ్వండి, తెలుగు మాట పెద్దవాళ్లు అందిస్తారు.

ఇక తల్లిదండ్రులం. స్టేజి మీద తెలుగు రాలేదని చిన్నబోతాం గానీ, ఇంట్లో పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చిన మరుక్షణం మనమే ఇంగ్లీషులోకి దిగిపోతున్నాం. అది మానేద్దాం. వాళ్లు ఇంగ్లీషులో అన్నదాన్నే మనం తెలుగులో అని, కబురు ఆగకుండా ముందుకు సాగిద్దాం. "తెలుగులో చెప్తేనే వింటాను" అని మాత్రం దయచేసి అనకండి.