పసులపోలిగాడి కచేరీ

మా బావగారు ఏ పనికైనా ముందు సామాను కొంటారు. పని సంగతి తర్వాత. యోగా నేర్చుకుందామనుకున్న ఏడాది ఇంట్లోకి రకరకాల చాపలు వచ్చాయి, యోగా మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఈసారి ఆయన దృష్టి పక్షుల మీద పడింది. అభయారణ్యానికి వెళ్దామని అక్క ఇంకా మాట పూర్తి చేయనేలేదు, బైనాక్యులర్స్ పెట్టె ఇంటికి వచ్చేసింది. 12×50 రకం.

"వాడు 8×42 చూపించాడయ్యా. ఎనిమిది కంటే పన్నెండు పెద్దదా, కాదా?"

లెక్క ప్రకారం తిరుగులేని మాటే. కానీ అందులో మొదటి అంకె దూరాన ఉన్నదాన్ని ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటి దగ్గరికి వచ్చే వెలుగు ఎంత వెడల్పో తెలుస్తుంది. 8×42లో అది 5.25 మిల్లీమీటర్లు, బావగారి దానిలో 4.2కు కాస్త తక్కువ. తెల్లవారుజామున చెట్ల నీడలో ఆ తేడా ఎంతో ఉంటుంది. పైగా పక్షిని 12 రెట్లు పెద్దది చేసే అద్దం చేతి వణుకును వదిలిపెడుతుందా? దాన్నీ 12 రెట్లు చేస్తుంది. అందుకే పక్షులు చూసే అలవాటున్నవాళ్లలో చాలామంది ఎనిమిది దగ్గరో పది దగ్గరో ఆగిపోతారు. ఈ మాట చెప్పబోతే, "నువ్వెప్పుడూ తక్కువతో సర్దుకుపోయే మనిషివి" అన్నారు. నేను సర్దుకుపోయాను.

సూర్యోదయానికి అభయారణ్యం గేటు దగ్గర ఉన్నాం. బావగారి అవతారం వర్ణించి తీరాలి. చొక్కా నిండా ఆకులు, కొమ్మలు అచ్చు వేసి ఉన్నాయి. కాళ్లకు మాత్రం నారింజ రంగు బూట్లు. అవి నడకకు కొన్నవి, చొక్కా దాక్కోవడానికి కొన్నది. రంగులు పట్టే కణాలు మన కళ్లలో మూడు రకాలుంటే పక్షులకు నాలుగు రకాలుంటాయి. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా చాలా పక్షులకు కనిపిస్తుంది. బావగారు చెట్లలో కలిసిపోయాననుకున్నారు. చెట్లు అలా అనుకున్నట్టు లేదు.

నెత్తిన టోపీ, దానికి గుచ్చిన ప్లాస్టిక్ ఈక. గైడు కుర్రవాడు ఆ ఈకను కాసేపు చూసి ఊరుకున్నాడు. అసలు పక్షులకు అభయమిచ్చే చోట్ల చరిత్రలో టోపీలకు పెద్ద పాత్రే ఉంది. ఆడవాళ్ల టోపీల అలంకారానికి ఈకలు కావాలని అమెరికాలో ఒకప్పుడు కొంగల్ని, గూడబాతుల్ని గుంపులు గుంపులుగా చంపేవారు. అది ఆపడానికే 1903లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఫ్లోరిడాలోని పెలికాన్ ద్వీపాన్ని రక్షిత స్థలంగా ప్రకటించాడు. ఆ దేశపు మొదటి జాతీయ వన్యప్రాణి ఆశ్రయం అదే. దానికి కాపలా కాసిన పాల్ క్రోగెల్‌కు నెల జీతం ఒక డాలరు. మా గైడు ముఖం చూస్తే, ఆ కుర్రవాడికి కూడా మమ్మల్ని భరించడానికి సరిపడా జీతం ఇస్తున్నట్టు అనిపించలేదు.

గేటు పక్కన నిబంధనల బోర్డు. కాలిబాట దాటి వెళ్లరాదు, గూళ్ల దగ్గరికి పోరాదు, ఫోనులో పక్షుల కూతలు వినిపించరాదు. చివరిది ఎందుకో బావగారికి అర్థం కాలేదు. గుడ్లు పెట్టే కాలంలో మగపక్షి ఆ కూత విని, తన హద్దులోకి ఇంకెవడో వచ్చాడనుకుంటుందని గైడు చెప్పాడు. తిండి మానేసి, గూడు వదిలేసి, లేని శత్రువు కోసం కొమ్మ కొమ్మా వెతుకుతుందట.

"ఫోను వద్దన్నారు. సరే. నోటితో వద్దనలేదుగా" అన్నారు బావగారు, బోర్డు మరోసారి ఆసాంతం చదివి.

ఇక నడక. రెండు కిలోమీటర్ల బాట, అంతా చదును. మొదటి మలుపులోనే బావగారికి ఆయాసం. అక్క ఊరుకోదు కదా, ఎక్కడో చదివినది అందుకుంది. గాడ్విట్ అనే పక్షి ఒకటి 2022లో అలాస్కాలో బయలుదేరి టాస్మేనియాలో దిగిందట. 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, మధ్యలో ఎక్కడా వాలలేదు, గుక్కెడు నీళ్లు తాగలేదు. పుట్టి అయిదు నెలలే అయిందట దానికి.

"దానికి మెడలో ఇన్ని పట్టీలు లేవు" అన్నారు బావగారు.

ఆ మాట నిజమే. మెడలో బైనాక్యులర్స్ పట్టీ, దాని మీద కెమెరా పట్టీ, వాటి మధ్య కళ్లజోడు తాడు, అన్నిటికీ పైన టోపీ తాడు. పక్షి కనిపించగానే బైనాక్యులర్స్ ఎత్తుతారు, దానితోపాటు కెమెరా లేస్తుంది, కెమెరా కళ్లజోడును లాగుతుంది, కళ్లజోడు పోతే పక్షి ఏ దిక్కున ఉందో తెలియదు. అన్నీ విడదీసి సర్దుకునేసరికి కొమ్మ ఊగుతూ ఉంటుంది, అంతే. పక్షి మీద నుంచి చూపు తిప్పకుండా అద్దాలను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలని గైడు ఓపిగ్గా నేర్పించాడు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను లోపలికి తిప్పుకోవాలనీ చెప్పాడు. బావగారు తిప్పిన చక్రం ఏదో గానీ, ఆ తర్వాత ఆయనకు కుడికన్ను ఒక అడవిని, ఎడమకన్ను ఇంకో అడవిని చూపించాయి.

చెరువు దగ్గర ఎక్కువ చెప్పడానికేమీ లేదు. గట్టెక్కామో లేదో తీతువు పిట్ట ఒకటి లేచి గోల పెట్టింది. నీళ్ల అంచున మేస్తున్న బాతులు, ఉల్లంకులు, కొంగలు అన్నీ అవతలి ఒడ్డుకు బదిలీ అయిపోయాయి. నీటికాకి ఒకటి మాత్రం మోడు మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కూర్చుంది. దాని ఈకలు నీళ్లను పీల్చుకుంటాయి కాబట్టి ఎండ కాగకుండా కదలదు. బావగారికి ఆ ఉదయం కుదురుగా దొరికిన పక్షి అదొక్కటే. ఆయన దాన్ని చూడలేదు. కాకి అనుకున్నారు.

గట్టు మీద చెక్కతో కట్టిన చిన్న గది ఉంది, కూర్చుంటే కళ్ల ఎత్తుకు వచ్చేలా గోడకు అడ్డంగా చీలిక. అక్క అందులో బెంచీ మీద కూర్చుండిపోయి, "మీరు వెళ్లి రండి" అంది. పక్షుల్ని చూడటానికో, మా నుంచి తప్పించుకోవడానికో నేను అడగలేదు.

చెట్లు చిక్కబడిన చోట మొదలైంది అసలు కచేరీ. ఆకుల్లోంచి ఏదో పలికింది. బావగారు బైనాక్యులర్స్ వదిలేసి ఫోను తీశారు. కూత వినిపిస్తే పక్షి పేరు చెప్పే యాప్ అందులో ఉంది. పైకి ఎత్తి పట్టుకున్నారు. తెర మీద పేరు పడింది: జాలెడేగ. మా ఇద్దరికీ ఒళ్లు పులకరించింది. ఇంకో నిమిషానికి అదే వైపు నుంచి మరో కూత. పిగిలిపిట్ట. తర్వాత వంగపండు పిట్ట. ఆ తర్వాత పాములు తినే గద్ద!

"చూశావా, ఒక్క చెట్టు మీద ఎన్ని జాతులో! డేగ పక్కనే పిగిలిపిట్ట కూర్చుంది. అడవిలో ఉన్న సామరస్యం మనలో లేదు" అన్నారు బావగారు. డేగ పక్కన పిగిలిపిట్ట అంతసేపు పాడుతూ కూర్చోగలదా అని నాకు అనుమానం వచ్చింది గానీ, ఆయన ఉత్సాహం చూసి మింగేశాను. గైడు వెనకబడ్డాడు, దారిలో ఎవరో పిల్లలు గూడు ఎక్కబోతుంటే ఆపడానికి.

ఇక బావగారు నిబంధనలో దొరికిన సందును వాడుకున్నారు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశారు. చెట్టు మీద నుంచి జవాబు. ఈయన మళ్లీ ఈల. అటు నుంచి ఇంకో కొత్త కూత. ఫోను ఒక్కదాన్నీ వదలకుండా రాసుకుంటోంది. వడ్రంగిపిట్ట వచ్చింది, చిలుక వచ్చింది. ఆ మధ్యలో "మలబార్ ఈలపిట్ట" అని పడగానే బావగారు నా భుజం ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఆ గుర్తు చాలాసేపు ఉంది.

గైడు వచ్చాడు. జాబితా చూశాడు. ఈలపిట్ట దగ్గర ఆగాడు. "ఇది కొండవాగుల పక్కన ఉండేది సార్. ఇక్కడ కొండా లేదు, వాగూ లేదు."

"పాపం, దారి తప్పి వచ్చుంటుంది" అన్నారు బావగారు, గాడ్విట్‌ను దృష్టిలో పెట్టుకుని.

గైడు మాట్లాడకుండా వేలు చూపించాడు. మాకు నాలుగు బారల దూరంలో, ఏ అద్దమూ అక్కర్లేకుండా కనిపించేంత దగ్గరగా, కొమ్మ మీద ఒకే ఒక్క పక్షి. నిగనిగలాడే నలుపు. నుదుటి మీద వంకీ తిరిగిన జుట్టు. తోక నుంచి సన్నటి కాడలు రెండు వేలాడుతున్నాయి, వాటి కొసన మెలితిరిగిన ఈక ముక్కలు. మేం చూస్తుండగానే అది గొంతు సవరించుకుని డేగలా అరిచింది. వెంటనే పిగిలిపిట్టలా పలికింది. తర్వాత పురుగు కోసం ఎగిరితే, వెనకాల రెండు తుమ్మెదలు తరుముతున్నట్టుంది.

ఇది పసులపోలిగాడు, ఇంగ్లీషులో డ్రాంగో అనే పక్షి. ఆ జాతిలో ఇది పెద్ద రకం. వేరే పక్షుల గొంతులు అనుకరించడంలో ఇది దిట్ట. దీని బంధువు ఒకటి ఆఫ్రికాలో కలహారి ఎడారిలో ఉంది, ఇంకా గడుసుది. ఇతర జంతువుల ప్రమాద సంకేతాలు నేర్చుకుని, అవి తిండి సంపాదించుకునే సమయానికి "శత్రువు వచ్చాడు" అని వాటి గొంతుతోనే అరుస్తుంది. అవి తిండి వదిలి పరుగెత్తగానే దిగి తినేస్తుంది. నమ్మడం మానేస్తే ఇంకో జంతువు కూతకు మారుతుంది. 2014లో శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధన ప్రచురించారు. ఇంత మోసానికి మా బావగారు లొంగిపోవడంలో చిన్నతనమేమీ లేదు.

గైడు జాబితా మరోసారి పైనుంచి కిందికి చదివాడు. "ఇందులో ఆరు ఇదే సార్."

"మరి ఏడోది? ఈలపిట్ట?"

"అది మీరు సార్."

మలబార్ ఈలపిట్ట కూత అచ్చం మనిషి తీరిగ్గా ఈల వేసినట్టే ఉంటుందట. ఇంగ్లీషువాళ్లు దానికి ఈల వేసే బడిపిల్లాడు అని ముద్దు పేరు కూడా పెట్టారు. ఫోనును అనడానికి లేదు. దానికి చేతనైనంతలో అది మర్యాదగానే పోల్చింది.

గదిలో ఉన్న అక్క దగ్గరికి తిరిగి వచ్చేసరికి బావగారు తేరుకున్నారు. దారి పొడుగునా ఒక వాదం తయారు చేసుకున్నారు కూడా. "వినని గొంతును అది అనుకరించలేదు కదా? అంటే ఆ పక్షులన్నీ ఇక్కడ ఎక్కడో ఉన్నట్టే. మన లెక్క తప్పు కాదు." గైడు ఆలోచనలో పడ్డాడు. అందులో ఎంతో కొంత నిజముంది, అదే ఇబ్బంది.

గేటు దగ్గరి పుస్తకంలో "చూసిన పక్షులు" అనే గడిలో బావగారు వరసగా అన్ని పేర్లూ రాశారు, ఈలపిట్టతో సహా. అక్క కలం తీసుకుని ఈలపిట్ట ఎదురుగా "మగది, ఒకటి, నారింజ కాళ్లు" అని చేర్చి సంతకం పెట్టింది.

"ఒకటేమిటి, అపురూపం అని కూడా రాయి" అన్నారు బావగారు.