సార్, కొంచెం ప్రేమగా

విజయవాడలో ఏడో నెల వచ్చిన గర్భిణి తప్పకుండా కలవాల్సిన మనుషులు ఇద్దరు. ఒకరు సూర్యారావుపేట డాక్టరమ్మ, రెండోవారు మెటర్నిటీ షూట్ పేరుతో కడుపుతో ఉన్న ఫొటోలు తీసే ఫొటోగ్రాఫరు. డాక్టరమ్మ దగ్గరికి ఇవాళ కాకపోతే రేపు వెళ్లొచ్చు. మంగళవారం ఆసుపత్రి గడప తొక్కకూడదు, బుధవారం అల్లుడికి మీటింగు, గురువారం వర్జ్యం ఎప్పుడు వెళ్తుందో చూడాలి. ఫొటోగ్రాఫరు డేటుకి వారమూ వర్జ్యమూ ఉండవు, అడ్వాన్సు ఇచ్చేశాం కాబట్టి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పథకం 2016 నుంచి నడుస్తోంది. అంతా బాగానే ఆలోచించారు గాని అడ్వాన్సు తీసుకోవడం మరిచిపోయారు. తిరిగిరాని అడ్వాన్సు ఒకటి పెట్టి ఉంటే ఈపాటికి చెకప్ ఎగ్గొట్టే ఆడపిల్ల ఈ జిల్లాలో ఉండేది కాదు.

ఇంత క్రమశిక్షణ నేర్పిన మెటర్నిటీ షూట్‌ని పట్టుకుని చోద్యం అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దిష్టి తగులుతుందంటారు. గుంటూరు మిర్చియార్డు గంట ప్రయాణంలో పెట్టుకుని దిష్టికి భయపడడమేమిటో! కడుపు బయటికి చూపించడం ఏం సంస్కృతి అని ఇంకొందరు. 1991 ఆగస్టులో అమెరికాలో ‘వానిటీ ఫెయిర్’ పత్రిక సినిమా నటి డెమీ మూర్‌ని ఏడో నెల కడుపుతో ముఖచిత్రంగా వేసింది. ఆనీ లీబోవిట్జ్ తీసిన ఫొటో. అక్కడ కూడా కొన్ని దుకాణాలవాళ్లు దానికి కాగితం చుట్టి అమ్మారు. కాబట్టి షూట్ మధ్యలో అమ్మమ్మ లేచొచ్చి మనవరాలి గౌను మీద తువ్వాలు కప్పితే ఆవిడను పాతకాలం మనిషి అనకండి. అమెరికా షాపులవాళ్లకు తోచిందే ఆవిడకూ తోచింది.

అసలు ఇది మనకు కొత్తా? ఇంట్లో జరిపే సంస్కారాలు చెప్పే పాత గ్రంథాలు, గృహ్యసూత్రాలు తీసి సీమంతోన్నయనం, అంటే మన సీమంతం, చదవండి. ఏదుపంది ముల్లు, మూడు దర్భలు, మేడికాయల గుత్తి అని సామాను జాబితా ఉంటుంది. వీణ వాయించేవాళ్లను పిలిచి పాడించమంటుంది. ఆ పాటలో దంపతులు ఏ నది ఒడ్డున కాపురం ఉంటున్నారో ఆ నది పేరు చెప్పాలట. ప్రాపర్టీస్, మ్యూజిక్, లొకేషన్. కెమెరా ఒక్కటే లేదు. పైగా ఆ తతంగంలో భర్తే స్వయంగా తన చేత్తో భార్య పాపట తీయాలి. మగవాడికి అప్పగించిన ముఖ్యమైన పని అదే. కాలక్రమంలో అది కూడా భారమైపోయి, ఇప్పుడు సీమంతంలో ముత్తయిదువలు గాజులు తొడుగుతారు, పుట్టింటివాళ్లు చలిమిడి పెడతారు, భర్త వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బొబ్బట్టు తింటాడు. ఈ ఖాళీని గమనించినవాడు ఫొటోగ్రాఫరు. ఆ సంగతికి మళ్లీ వస్తాను, ముందు లొకేషన్ తేలాలి.

ప్రకాశం బ్యారేజీని 1957లో సాగునీటి కోసం పూర్తిచేశారని పుస్తకాల్లో రాస్తారు. వరసగా 70 గేట్లు ఎందుకు పెట్టారో ఆ పుస్తకాలకు తెలియదు. గౌను వెనక అవి ఎంత నిండుగా పడతాయో ఒకసారి చూస్తే తెలుస్తుంది. ఇబ్బందల్లా ఒక్కటే. గేట్లు ఎత్తి నురగలు కక్కుతున్నప్పుడు పోలీసులు అక్కడ నిలబడనివ్వరు. నిలబడనిచ్చే రోజుల్లో దిగువన ఇసుక తప్ప ఏమీ కనబడదు. పోనీ పున్నమి ఘాట్‌కి వెళ్దామా అంటే, 2024 అక్టోబరులో ఒకే రాత్రి 5,500 డ్రోన్లు ఎగిరిన చోటు అది. అక్కడ మన పిల్ల పొట్ట మీద ఒక్క డ్రోన్ తిప్పితే ఏం ఆనుతుందని ఆడపడుచు పెదవి విరుస్తుంది. ఉండవల్లి గుహలు ఉన్నాయి గాని పురావస్తు శాఖవాళ్లు అనుమతి లేకుండా స్టాండు పెట్టనివ్వరు. కొండపల్లి కోటకు ఎక్కేసరికి గర్భిణి సంగతి అటుంచి, మోకాళ్ల నొప్పుల మావయ్యగారిని మోయాలి.

ఇన్ని చర్చల్లో బాత్రూమ్ ఎక్కడ అని ఒక్కరూ అడగరు. ఏడో నెల మనిషికి అరగంటకోసారి అవసరమయ్యేది ఫొటోగ్రాఫర్లు గోల్డెన్ అవర్ అనే లేత ఎండ వేళ కాదు, బాత్రూమ్. ఈ ఊళ్లో మంచి లొకేషన్ అంటే నా దృష్టిలో తాళం వేయని శుభ్రమైన మరుగుదొడ్డి నుంచి నలభై అడుగుల్లోపు ఉన్న ఏ గోడైనా సరే. ఈ లెక్కన చూస్తే ఘాట్లన్నీ కొట్టుకుపోయి పెట్రోలు బంకులు మిగులుతాయి. బంకుల్లో ఫొటోలు నిషేధం.

కాలం సంగతీ చూడాలి. పొట్ట ఫొటోలో గుండ్రంగా కనబడాలి, మనిషి ఆయాసపడకుండా నిలబడాలి. ఈ రెండూ కుదిరేది 28 నుంచి 34 వారాల మధ్య అని ఫొటోగ్రాఫర్ల మాట. ఆ వారాలు మే నెలలో పడ్డాయా, బెజవాడ ఎండకు ఐలైనర్ గడ్డం దాకా దిగుతుంది. కొత్త దంపతుల్ని ఆషాఢంలో విడదీసేది ఎండాకాలం కాన్పు రాకూడదనే అని పెద్దలు చెబుతారు. ఎంత పొరపాటు! ఆషాఢంలో కడుపు పండితే ఆ 28వ వారం సంక్రాంతికి అటూ ఇటూగా వస్తుంది. కృష్ణ మీద పలచని మంచు, లేత ఎండ, ముగ్గులు, గొబ్బెమ్మలు, అన్నీ ఉచితం. పూర్వీకులు కాన్పుకి వేడి చూసుకున్నారు గాని ఫొటోకి వెలుతురు చూసుకోలేదు. పంచాంగకర్తలూ స్టూడియోవాళ్లూ ఒకసారి కూర్చుని దీన్ని సవరించాలి.

బట్టల విషయంలో ఏకాభిప్రాయం వచ్చేసింది. మొదట ట్రెయిల్ గౌను. దీని తోక అయిదారు గజాలు. అసిస్టెంటు కుర్రాడు దాన్ని గాల్లోకి విసిరి, కెమెరా క్లిక్కుమనేలోపు తుప్పల్లోకి దూకాలి. ఆ రంగంలో అసలు కళాకారుడు అతనే, ఏ ఫొటోలోనూ కనబడడు. తర్వాత పట్టుచీర. చీర బీరువాలో ఉంది, వడ్డాణం లాకర్లోంచి తెచ్చారు, నడుమే ఆచూకీ లేదు. మూడోది భార్యాభర్తలిద్దరికీ తెల్లచొక్కా. మార్చుకునే గది కారు వెనక సీటు. చున్నీ అడ్డం పట్టుకునే బాధ్యత పిన్నిది. ఆవిడ చున్నీ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోనులో స్టేటస్ పెడుతుంది.

ఇక మొహంలో గ్లో. అది గర్భిణికి సహజంగా వస్తుందని అందరూ అంటారు గనుక మేకప్ అమ్మాయి గంటన్నర కష్టపడి తెప్పిస్తుంది. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. దానికి ప్రభుత్వం రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు ఊరికే ఇస్తుంది. మింగితే వికారం, నోరంతా ఇనుము రుచి. హైలైటర్‌తో ఆ బాధ లేదు, బుగ్గ మీద రెండు గీతలు గీస్తే హిమోగ్లోబిన్ పన్నెండున్నట్టే ఉంటుంది. మాత్రల డబ్బాకి మంచి రిబ్బను కట్టి ఫ్రేములో పెట్టనిస్తే గాని ఆ మాత్రలకు మోక్షం లేదు.

పడుకునే పోజు గురించి మాత్రం ఒక్క నిమిషం నవ్వు ఆపి చెబుతాను. నేల మీద పూలు పరిచి, అమ్మాయిని వెల్లకిలా పడుకోబెట్టి, నిచ్చెనెక్కి పైనుంచి తీస్తున్నారు. నెలలు నిండుతున్నకొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి, బిడ్డకి వెళ్లే రక్తం తగ్గుతుంది. అందుకే ఎడమవైపుకి ఒత్తిగిలమని డాక్టర్లు పోరేది. ఉండవల్లిలో అనంతపద్మనాభుడు శతాబ్దాలుగా పడుకునే ఉన్నాడు కదా అంటారేమో. నిజమే, బొడ్డులోంచి బ్రహ్మదేవుణ్ణి కన్న ఆయన ఈ పోజుకి మూలపురుషుడే. కానీ ఆయనది రాతి ఒళ్లు.

పలక ముచ్చట తొందరగా ముగిస్తాను. చేతిలో పలక, దాని మీద ‘బాబా? పాపా?’, అటు గులాబీ బెలూను, ఇటు నీలం బెలూను. పుట్టకముందే చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. అందుకని స్కానింగు డాక్టరు నోరు విప్పడు. పలక పట్టుకున్న పిల్ల పొట్టని అటొకసారి ఇటొకసారి చూసి, “మొన మొన మొనగా ఉందే, మగపిల్లాడే” అని తీర్పు చెప్పే ఎదురింటి పెద్దమ్మగారికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఆవిడ యంత్రానికి లైసెన్సు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. అల్లుడుగారు.

ఈయన సామాన్యుడు కాడు. పెళ్లయ్యాక మంచినీళ్ల గ్లాసు ఎక్కడుంటుందో తెలుసుకోకుండా నెట్టుకొచ్చినవాడు. భార్య వేవిళ్లతో సింకు పట్టుకుని వేలాడుతుంటే హాల్లోంచి “ఏమైంది?” అని అడిగి, జవాబు వచ్చేలోపు మ్యాచ్‌లోకి వెళ్లిపోయినవాడు. కాళ్లు నీరెక్కాయంటే “మా అమ్మకి కూడా ఇలాగే” అని ఓదార్చినవాడు. గర్భిణి భర్త క్షౌరం చేయించుకోరాదని పెద్దలు పెట్టిన నియమం ఒక్కటి మాత్రం తు.చ. తప్పక పాటించాడు, గడ్డం ఫ్యాషన్ కాబట్టి. అలాంటివాడు ఘాట్ మెట్ల మీద, పదిమంది చూస్తుండగా, మోకాళ్ల మీద కూర్చుంటాడు! భార్య చెప్పు బకిల్ పెడతాడు. పొట్టకి చెవి ఆనించి కళ్లు మూసుకుంటాడు. నుదుటి మీద ముద్దు పెడతాడు, అదీ మావయ్యగారి ఎదుట. ఏ అత్తగారి దెప్పుళ్లకూ, ఏ కౌన్సెలింగుకూ లొంగని మనిషిని వంచింది ఎవరు? ఇరవై రెండేళ్ల కుర్రాడు, మెడలో కెమెరా వేసుకుని.

“సార్, ఫోన్ జేబులో పెట్టండి. సార్, మేడమ్ వైపు చూడండి. కెమెరా వైపు కాదు సార్, మేడమ్ వైపు. చెయ్యి నడుం మీద. గట్టిగా కాదు సార్. సార్... కొంచెం ప్రేమగా.”

“ఇలాగేనా?”

“ఇంకొంచెం సార్.”

ఆ ‘ఇంకొంచెం’ కోసం ఆ పిల్ల ఏడు నెలలుగా చూస్తోంది. ఫొటోలో ఆమె కళ్లల్లో మెరిసే తడిని చూసి మాతృత్వపు మధురిమ అని కింద కామెంట్లు పెడతారు. అది కాదు. ఇతనికి ఇది చేతనవునా అన్న ఆశ్చర్యం. వెంటనే, చేతనయ్యే ఇన్నాళ్లూ చెయ్యలేదా అన్న కోపం కూడా వస్తుంది, కాకపోతే రీటచింగ్‌లో దాన్ని తీసేస్తారు.

కనుక షూట్ డబ్బు దండగ అనే వాదన నిలవదు. మగవాడికి పూట కూలి లెక్కన ప్రేమ నేర్పే బడి ఈ జిల్లాలో ఇంకెక్కడుంది? ఆ ఫీజు ఎవరు కట్టాలన్నది మాత్రం తేలని వ్యవహారం. సూడిదలు పుట్టింటి ఖర్చు. తొలి కాన్పు పుట్టింటి ఖర్చు. బారసాల చీరలు పుట్టింటి ఖర్చు. షూట్ ఏ పద్దు కింద వస్తుందో ఏ ఆచారంలోనూ లేదు గనుక వియ్యంకులిద్దరూ ఎదుటివారి పెద్దరికాన్ని మెచ్చుకుంటూ గడిపేస్తారు. తొలి కాన్పుకి కేంద్రం ఇచ్చే 5,000 రూపాయలున్నాయి కదా అని ఒక మావయ్యగారు లెక్క వేశారట. అది మేకప్‌కీ గౌను అద్దెకీ చాలుతుందో లేదో.

నాకున్న అసంతృప్తి వేరు. చదువు సగంలో ఆగిపోతోంది. షూట్ అయిన పదిహేను రోజులకి అమ్మాయిని కాన్పుకి పుట్టింటికి పంపేస్తారు. మోకాళ్ల మీద కూర్చోవడం అప్పుడే అలవాటవుతున్న మనిషి మళ్లీ సోఫాలోకి వెళ్లిపోతాడు. ఆదివారాలు వచ్చి, బిడ్డను రెండు చేతుల్తో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుని, ఏడవగానే తిరిగి ఇచ్చేసి, సాయంత్రం బస్సెక్కుతాడు. పక్కలో గుడ్డలు మార్చేది అమ్మమ్మ, రాత్రి రెండింటికి లేచేది తల్లి. ఆయన ప్రొఫైల్ ఫొటోలో మాత్రం ఇప్పటికీ చెప్పు బకిల్ పెడుతూనే ఉంటాడు.

స్టూడియోవాళ్లకి నాదొక విన్నపం. న్యూబార్న్ షూట్ కలిపి కాంబో ప్యాకేజీ ఎలాగూ అమ్ముతున్నారు. అందులో బిడ్డను బుట్టలో పెట్టి కుందేలు చెవులు తగిలించడం తీసేసి, దాని బదులు రాత్రి డ్యూటీ చేర్చండి. అసిస్టెంటు కుర్రాడు అర్ధరాత్రి లైటు పట్టుకుని గది గుమ్మంలో నిలబడాలి. “సార్, లేవండి. గుడ్డ మార్చండి. ఇటు చూడకండి సార్, క్యాండిడ్. ఇప్పుడు భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా నడవండి. మేడమ్ పడుకుంటారు, మేడమ్ ఫ్రేములో అక్కర్లేదు.” అలా మూడు నెలలు. కెమెరాలో కార్డు లేకపోయినా పర్వాలేదు, ఆయనకు చెప్పకపోతే చాలు. రాత్రిపూట కుర్రాడికి ఇచ్చే కూలీ మాత్రం ఎక్స్‌ట్రా అవుతుంది. అది ఏ పక్షం భరించాలో పెద్దమనుషులు కూర్చుని తేల్చేలోపు పిల్లాడు ఎలాగూ బడికి వెళ్తాడు, కాబట్టి అడ్వాన్సు ముందే, అల్లుడుగారి జీతంలోంచే పట్టుకోండి. తిరిగి ఇవ్వకండి.