ప్రీమియం కట్టినంత మాత్రాన పాలసీ మీదైపోదు

ఇద్దరికీ కలిపి ఉన్న ఇన్సూరెన్స్‌ని ఎవరు రద్దు చేయొచ్చో చెబుతూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి నాలుగు ముక్కలు. ప్రీమియం కట్టేవాళ్లకే ఆ హక్కు. పాలసీలో పేరున్న ఎవరైనా రద్దు చేయొచ్చు. విడాకులైతే దానంతటదే రద్దవుతుంది. ఏదీ కుదరకపోతే కట్టడం మానేస్తే సరి.

మొదటి ముక్క సంగతి మా ఇంట్లోనే తేలింది. కారు పాలసీ వదిన పేరు మీద ఉంది. అన్నయ్య అందులో రెండో డ్రైవరు. డబ్బు మాత్రం అన్నయ్య కార్డు నుంచే పోతుంది. వేరేచోట తక్కువకు వస్తోందని, రద్దు చేయమని ఆయన ఫోన్ చేశాడు. "పాలసీదారు ఎవరండీ?" అన్నారు అవతల. "మా ఆవిడ." "అయితే మేడంగారితో మాట్లాడించండి." నా డబ్బు కదా అంటూ అన్నయ్య పావుగంట వాదించాడు. చివరికి పక్క గదిలోంచి వదిన వచ్చి ఫోన్ అందుకుంటే రెండు నిమిషాల్లో పనైపోయింది. వాళ్లు అడిగిందాంట్లో తప్పేం లేదు. ఒప్పందం వదినతో, బిల్లు ఎవరు కట్టినా సరే. తన కార్డు నుంచి డబ్బు పోకుండా ఆపుకోవడం అన్నయ్య ఇష్టం. పాలసీని ఆపడం ఆయన చేతిలో లేదు.

ఇంకో మెట్టు పైకి వెళ్తే, పాలసీదారే డబ్బు కడుతున్నా చేతులు కట్టేసినట్టుండే సందర్భాలున్నాయి. భారత్‌లో 1874 నాటి, ఇంగ్లండ్‌లో 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టాల కింద భర్త భార్యాపిల్లల కోసం తన ప్రాణం మీద పాలసీ తీసుకుంటే, అది వాళ్ల కోసం ఉంచిన ట్రస్టు, అంటే వాళ్ల సొమ్ముగా వేరే పెట్టినట్టు లెక్క. దాన్ని సరెండర్ చేసి, అంటే మధ్యలోనే ముగించి, వచ్చిన డబ్బు సొంతానికి వాడుకుంటానంటే చెల్లదు. అప్పు కింద బ్యాంకుకు అసైన్ చేసిన (హక్కులు రాసిచ్చిన) పాలసీ అయినా అంతే, బ్యాంకు ఒప్పుకోవాలి.

రెండో ముక్కలో కాస్త నిజముంది, అందుకే ప్రమాదం. పేరు ఉండటం కాదు, ఏ గడిలో ఉందన్నది ముఖ్యం. పాలసీ షెడ్యూల్, అంటే పేర్లూ వివరాలూ ఉండే కాగితం, మొదటి పేజీ తీయండి. "పాలసీదారు" అన్న చోట ఒక్క పేరే ఉండి, మిగతావాళ్లు "బీమా పొందిన సభ్యులు" కింద ఉంటే, ఆ మిగతావాళ్లు అడగగలిగేది తమ పేరు తీసేయమని మాత్రమే. ఫ్యామిలీ హెల్త్ పాలసీలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. ఉద్యోగంలో ఇచ్చే గ్రూప్ పాలసీకి పాలసీదారు యజమాని సంస్థే. పాలసీదారులుగానే ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి సంతకాలూ అడగొచ్చు. అయితే కొన్ని పాలసీల్లో, ముఖ్యంగా వ్యాపార పాలసీల్లో, మొదట రాసిన పేరుకే అందరి తరఫునా రద్దు చేసే అధికారం ఇస్తారు. "రద్దు" అన్న క్లాజు చదవకుండా ఇది తేలదు. ఆ పేజీ ఎవరూ చదవరనుకోండి, అది వేరే సంగతి.

విడాకుల మాట పూర్తిగా తప్పు. కోర్టు తీర్పు కాపీ దానంతటదే కంపెనీకి వెళ్లదు, ఎవరో ఒకరు చెప్పాలి. పైగా కేసు నడుస్తుండగా ఉన్న ఇన్సూరెన్స్‌ని కదిలించకూడదని ఆంక్షలు పెట్టే కోర్టులూ ఉన్నాయి.

ఇక కట్టడం మానేయడం. దాన్ని రద్దు అనరు, ల్యాప్స్ అంటారు, అంటే ప్రీమియం అందక కవర్ ఆగిపోవడం. రద్దు చేస్తే మిగిలిన కాలానికి ఎంతో కొంత వెనక్కి రావచ్చు. ల్యాప్స్ అయితే వచ్చేదేమీ ఉండకపోవచ్చు, మళ్లీ తీసుకునేటప్పుడు ప్రశ్నలూ ఎక్కువే. కంపెనీ పంపే నోటీసు పాలసీదారు చిరునామాకే పోతుంది కాబట్టి రెండో మనిషి కవర్ ఉందనుకునే బండి నడుపుతుంటారు. తప్పుకోవాలనుకుంటే మీ పేరు తీయమని రాసివ్వండి. ఏ తేదీ నుంచో కాగితం మీద తీసుకుని, అదే రోజు అవతలి మనిషికీ చెప్పండి.