బేస్‌మెంట్‌లో గంజాయి నారు

కెనడా ప్రభుత్వం 2018 అక్టోబరు 17న గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు, ఇంటికి నాలుగు మొక్కల చొప్పున పెంచుకునే హక్కును కూడా పౌరులకు దఖలుపరచింది. క్యుబెక్ రాష్ట్రం మాత్రం ఇళ్లలో పెంపకం కుదరదని నిషేధించి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023లో ఆ నిషేధాన్ని నిలబెట్టుకున్నది. వ్యక్తి స్వేచ్ఛకు భంగం కలిగిందని అప్పట్లో బాధపడినవారు ఉన్నారు. ఒంటారియోలో మన తెలుగు ఇంజనీరు ఒకరి బేస్‌మెంట్ చూసిన తర్వాత, క్యుబెక్ వారు ఆలోచించింది మొక్కల ప్రాణరక్షణ గురించేమోనని నాకు గట్టి అనుమానం కలిగింది.

హిమాలయాల దిగువన రోడ్డు పక్క గుంతల్లో ఎవరూ విత్తకుండా, ఎవరూ నీరు పెట్టకుండా, లారీల దుమ్ము నెత్తిన పోసుకుని మరీ పెరిగే మొక్క ఇది. ఇటువంటి మొండిజాతిని మట్టుపెట్టడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకు లోపలంతా మెరిసే పూత ఉన్న నల్లటి గుడారం కావాలి, ఆపరేషను థియేటరును తలపించే ఎల్‌ఈడీ దీపం కావాలి, పీహెచ్ మీటరు కావాలి, లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న గింజల ప్యాకెట్ కావాలి. అన్నిటినీ మించి, క్షణం ఊరుకోలేని ప్రేమ కావాలి.

ఆ ప్రేమ గింజ దశలోనే మొదలవుతుంది. పన్నెండు గంటలో, మహా అయితే ఒక రోజో నానితే చాలిన గింజను మూడు రోజులు గ్లాసులో ముంచి ఉంచితే, దానికి గాలి ఆడక లోపలే చస్తుంది. బతికిన గింజను తడి కాగితంలో చుడతారు. మన ఇళ్లలో పెసలు మొలకెత్తించే ఆడవాళ్లు మూట కట్టి పక్కన పెట్టి తమ పని తాము చూసుకుంటారు. మన ఇంజనీరు మాత్రం గంటకొకసారి మడత విప్పి, ఫోను దీపం వేసి, పట్టకారుతో అటూ ఇటూ తిప్పి, బయటికి వచ్చిన తల్లివేరు మొన కాస్తా విరిచి, గింజలు అమ్మినవాడు మోసం చేశాడని తేలుస్తాడు. సెంటీమీటరు లోతు చాలిన చోట వేలు రెండు కణుపుల దాకా దించి పాతిపెట్టడం, ఆపైన ఆ మట్టిని అరచేత్తో అదిమి చదును చేయడం తదుపరి కార్యక్రమం. అంత శ్రద్ధగా పూడ్చినది పైకి రాకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇక ఆయన ఇంటి గృహప్రవేశం నాటి దర్శనం సంగతికి వద్దాం. భోజనాలయ్యాయి, తాంబూలాలయ్యాయి, అతిథులను వరుసగా మెట్లు దింపించి ఇంజనీరు గుడారం జిప్పు లాగాడు. ఇరవై లీటర్ల కుండీలు నాలుగు. ఒక్కొక్క దాని నడిమధ్యన బొటనవేలంత మొలక. ఆ కుండీ నిండా తడి మట్టి ఉంటుంది, దాన్ని తాగే వేళ్లు అంగుళం పొడవైనా ఉండవు, కాబట్టి మట్టి ఆరదు, ఆరనిదే వేళ్లకు గాలి అందదు. ఈ చిన్న లెక్క తప్ప మిగతా లెక్కలన్నీ ఆయన అప్పజెప్పాడు. నీటిలో లవణాలు ఎన్ని పాళ్లు, దీపం ఎన్ని వాట్లు, గాలిలో తేమ ఎంత శాతం. ఒక మొలక దీపానికి మరీ దూరమై పురికొసలా సాగిపోయింది, మరొకటి మరీ దగ్గరై పాలిపోయింది. మూడోదాని నెత్తిన గింజ పెంకు టోపీలా అంటుకుని ఉంటే, కాస్త తడి చేసి ఊరుకునే ఓపిక లేక, ఆయన మా కళ్లముందే గోటితో గిల్లి, పెంకుతో పాటు మొలక తొలి ఆకులైన రెండు బీజదళాలనూ పీకి చేతిలో పెట్టుకున్నాడు. సభ నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ఆయన అత్తగారు మిగిలిన మొలకల రంపపుటంచు ఆకులను వంగి చూసి, "గోంగూరేనా అల్లుడుగారూ? ఎర్రకాడదా, తెల్లకాడదా?" అని అడిగారు. ఆవిడను తప్పుపట్టడానికి లేదు. గంజాయి శాస్త్రీయ నామం కన్నాబిస్, గోంగూర జాతుల్లో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే హైబిస్కస్ కన్నాబినస్. "అలాంటిదేనండీ అత్తయ్యగారూ, ఔషధ మొక్క" అన్నాడు అల్లుడు. "ఔషధమైతే ఈ చీకట్లో ఎందుకు నాయనా, పైన మన తులసమ్మ పక్కన పెట్టించు, నాలుగు పూటలు ఎండ తగిలితే అదే కోలుకుంటుంది" అన్నారావిడ. గంజాయి వనంలో తులసి మొక్కను గురించి తరతరాలుగా వింటున్నాం గాని, తులసి పక్కన గంజాయికి చోటు కేటాయించిన తొలి తెలుగు మహిళ బహుశా ఆవిడే. (మార్చి నెలలో ఒంటారియో కిటికీ ఎండ ఏ నారుకూ చాలదన్నది వేరే విషయం. పైకి చేర్చి ఉంటే, కనీసం నాలుగో మొలకైనా ఆయన చేతి నుంచి తప్పించుకునేది.)

నాలుగోదానికి వచ్చినది నారుకుళ్లు. మిరప నారు, టమాటా నారు పోసే ప్రతి రైతుకూ తెలిసిన తెగులే: మట్టిని ఆనుకున్న చోట కాడ నీరుపట్టి, దారంలా సన్నబడి, పొద్దున నిలబడిన మొక్క సాయంత్రానికి పక్కకు ఒరుగుతుంది. పిథియం వంటి సూక్ష్మజీవుల పని ఇది, వాటిని పిలిచేది అతి తడి. ఒరిగిన మొక్కకు మందు లేదు. మన ఇంజనీరు అది వాడిపోవడం చూసి దాహమని నిర్ధారించి మళ్లీ నీళ్లు పోశాడు. ఆ నీళ్లలో ఎరువు కూడా కలిపాడు. తొలి పది పన్నెండు రోజులకు కావలసిన తిండి బీజదళాల్లోనే ఉంటుందన్న సంగతి ఆయన మీటర్లలో ఏదీ చూపించదు.

ఇంతవరకు నవ్వుకున్నాం. అయితే అదే బేస్‌మెంట్‌లో, అదే గుడారం ముందు, వక్కపలుకులు నములుతూ ఒక పెద్దమనిషి మన్యం ప్రస్తావన తెచ్చాడు. "మన చింతపల్లి వైపు గంజాయి బ్యాచ్‌లను జైల్లో వేయడం కాదు, కాల్చిపారేయాలి" అన్నాడు. మొలక చేతిలో పట్టుకున్న ఇంజనీరు గంభీరంగా తల ఊపాడు! సిగ్గనేది ఒకటి ఉండాలి. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) కింద మన దేశంలో ఈ మొక్కను పెంచినవాడికి పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇరవై కిలోలు దాటిన మూటతో దొరికితే బెయిలు దొరకడమే గగనం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. ఆ సరుకుకు పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో చల్లగా ఉంటాడు, మూట మోసిన కొండ కుర్రాడు కూలి డబ్బులకు ఆశపడి విచారణ ఖైదీగా ఏళ్లు గడుపుతాడు. గంజాయి మంచిదని నేను అనడం లేదు, దానివల్ల చెడిన ఇళ్లను ఎరుగుదును. కానీ విమానం ఎక్కి సముద్రం దాటినంత మాత్రాన నీ చేతిలోనిది అభిరుచి, వాడి చేతిలోనిది తుపాకీగుండుకు తగిన నేరం ఎట్లా అయిందయ్యా? వాడు తిండి లేక మోశాడు. నీకు తోచక పెంచావు, అదీ చేతకాలేదు.

నా మాటలకు ఎవరూ నొచ్చుకోలేదు. చట్టం ఒక దేశానికి ఒకలా ఉంటుందని పెద్దమనిషి నాకు సెలవిచ్చాడు, అందరూ ఐస్‌క్రీముకు పైకి వెళ్లారు. ఇంజనీరు మళ్లీ నాలుగు గింజలకు ఆర్డరు పెట్టాడని తర్వాత తెలిసింది. ఈసారి మట్టిలో గుచ్చి తడిని కొలిచే మీటరు కూడా తెప్పిస్తున్నాడట. తడి ఉందని అది చూపిస్తుంది. చూపించినా ఆయన పోస్తాడు.