పబ్లిక్ డొమైన్ కోడ్‌ను జీపీఎల్ మింగేయదు

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో ప్రోడక్ట్‌లోకి ఒక్క జీపీఎల్ లైబ్రరీ వచ్చిందంటే లీగల్ టీమ్‌కు టెన్షన్. జీపీఎల్ అంటే, దాని కింద ఉన్న కోడ్‌ను కలిపి చేసిన ప్రోగ్రామ్‌ను పంచితే మొత్తానికీ అదే లైసెన్స్ పెట్టి, సోర్స్ (మనుషులు చదవగల అసలు కోడ్) కూడా ఇవ్వాలనే లైసెన్స్; ఈ పద్ధతినే కాపీలెఫ్ట్ అంటారు. దాని పక్కన పబ్లిక్ డొమైన్ కోడ్ ఉంటే ఇంకో అపోహ కూడా తోడవుతుంది: ఎవరి సొత్తూ కాని ఆ కోడ్ ఇక కాపీలెఫ్ట్ పాలైపోతుందని. అలా ఏమీ కాదు.

ఎస్‌క్యూలైట్‌నే తీసుకోండి. మన చేతిలోని ఫోన్లలో నడిచే ఈ డేటాబేస్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది. కమాండ్లు టైప్ చేసి దాన్ని వాడే షెల్‌ను, ఆ టైపింగ్‌ను సులువు చేసే రీడ్‌లైన్ లైబ్రరీతో లింక్ చేసి కంపైల్ చేసుకోవచ్చు. రీడ్‌లైన్‌ది జీపీఎల్. అలా తయారైన బైనరీని (కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్‌ను) ఇంకొకరికి ఇస్తే జీపీఎల్ షరతుల మీదే ఇవ్వాలి, సోర్స్ కూడా అందించాలి. ఎస్‌క్యూలైట్ సోర్స్ ఫైళ్లు మాత్రం ఎప్పట్లాగే అందరివీ. అవే ఫైళ్లను, సోర్స్ ఇవ్వమని అడగని బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న, రీడ్‌లైన్ పనే చేసే ఎడిట్‌లైన్‌తో కలిపి, సోర్స్ చూపకుండా అమ్ముకున్నా అడ్డు చెప్పే చట్టం లేదు.

ఈ షరతు బలం ఎంతో తెలియాలంటే 1992 నాటి సంగతి చూడాలి. బ్రూనో హైబుల్ అనే ప్రోగ్రామర్, లిస్ప్ భాషలోని ప్రోగ్రామ్‌లను నడిపే తన సీలిస్ప్‌ను రీడ్‌లైన్‌తో కలిపి పంచారు. అలా కలిపితే మొత్తం జీపీఎల్ కిందికి రావాల్సిందేనని జీపీఎల్‌ను రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ పట్టుబట్టారు. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాక సీలిస్ప్ జీపీఎల్‌లోకి వచ్చింది. స్టాల్‌మన్ చేతిలో కోర్టు ఉత్తర్వు లేదు, డబ్బు లేదు. ఒక చిన్న లైబ్రరీ మొత్తం ప్రోగ్రామ్‌ను జనం పక్షాన నిలబెట్టింది. నాకు కాపీలెఫ్ట్ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

షరతులు లేకపోవడమే అసలు స్వేచ్ఛ అనేవాళ్లున్నారు. ఎస్‌క్యూలైట్ ఏ షరతూ లేకుండానే ప్రపంచమంతా పాకిన మాట నిజమే. కానీ దానికి డబ్బు పెట్టే కన్సార్షియం ఉంది. మన ప్రభుత్వ శాఖ రాయించిన కోడ్‌కు ఆ అండ ఎక్కడుంది?

నా అసలు బాధ ఇదే. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులు విధుల్లో భాగంగా రాసిన కోడ్‌కు అక్కడ కాపీరైటే ఉండదు. మన 1957 కాపీరైట్ చట్టం మాత్రం ప్రభుత్వ రచనల మీద ప్రభుత్వానికే 60 ఏళ్ల హక్కు కట్టబెట్టింది. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ తెరిచే విధానాన్ని కేంద్రం 2015లోనే తెచ్చింది. అయినా మన పన్నులతో రాయించిన కోడ్ మన కంటపడటం అరుదు.

తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది. రైతు దరఖాస్తు ఏ మెట్టు దగ్గర ఎందుకు ఆగిందో తేల్చే లెక్కంతా పోర్టల్ కోడ్‌లోనే ఉంటుంది. దాన్ని చదివి తప్పు పట్టగల కుర్రాళ్లు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి ట్రిపుల్ ఐటీ దాకా ఈ ఊళ్లో కావలసినంత మంది ఉన్నారు. చూడనిస్తే కదా!

అలాగని ఆ కోడ్‌ను పబ్లిక్ డొమైన్‌లో వదిలేస్తే సరిపోదు. ఏదో కంపెనీ దానికి నాలుగు మార్పులు చేసి, ఆ మార్పులు దాచుకుని, ఇంకో జిల్లాకో ఇంకో రాష్ట్రానికో మళ్లీ అమ్ముతుంది. మామూలు జీపీఎల్ కూడా ఇక్కడ చాలదు, ఎందుకంటే సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఎవరికీ కాపీ ఇవ్వరు కాబట్టి సోర్స్ ఇవ్వాలన్న షరతు వర్తించదు. జీపీఎల్‌కు తోడుగా 2007లో వచ్చిన ఏజీపీఎల్ లైసెన్స్ ఆ సందు మూసింది: మార్చిన ప్రోగ్రామ్‌ను నెట్‌వర్క్‌లో వాడేవారికీ సోర్స్ అందాలి. రాష్ట్ర ఐటీ శాఖ తర్వాతి టెండర్‌లోనే ఈ లైసెన్స్‌ను షరతుగా రాయాలి, కోడ్ అప్పగించాకే కాంట్రాక్టర్‌కు చివరి బిల్లు చెల్లించాలి.