పెరడు బాగుచేస్తే అద్దె పెంచుతారా?

శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లెలో అద్దెకుంటున్నాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఎగిరిపోయిన రేకుల చోట ఇంటాయన పాతవే అతికించి వదిలేశారు. వానొస్తే మంచం జరిపి బకెట్టు పెట్టుకోవాల్సిందే. అడిగితే "పండగెళ్లాక చూద్దాంలెండి" అంటారు.

పెరడు మేమే బాగుచేసుకున్నాం. తుప్పలు కొట్టి, వెదురు తడకలు కట్టి, గత్తం ఎరువు వేశాం. ఆనపపాదు పందిరెక్కింది, వేలెడేసి పిందెలు దిగాయి. అది చూసి మొన్న, "పెరడు కూడా వాడుకుంటున్నారు కదా, అద్దె పెంచి ఇవ్వండి" అన్నారు. ఒళ్లు మండిపోయింది. నిన్నటిదాకా అక్కడ పాములు తిరిగేవండీ! కాగితం లేదు, రసీదూ ఇవ్వరు. ఖాళీ చేద్దామంటే పిల్లల బడి ఇక్కడే, పాదు ఇప్పుడే కాపుకొచ్చింది. ముందు ఆ రేకులు మార్చండి బాబూ, అద్దె మాట తర్వాత ఎత్తుదురుగాని.