ఆ తలుపులు మూయమంటున్నవాళ్లకు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఐదోసారి. పంపినవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే, మంచివాళ్లే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. యూరప్‌లోని పురాతన కెథడ్రల్స్‌లో, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చిల్లో, వెయ్యేళ్లపాటు ప్రార్థన తప్ప ఇంకేదీ జరగలేదట. ఇప్పుడు భక్తులు లేక వాటిని కచేరీలకూ, ప్రదర్శనలకూ, డాన్సులకూ అద్దెకిస్తున్నారట. సంగీతం ఉత్త వినోదమేనట, దేవుడి ఇంట్లో కచేరీ పెట్టడం పాపమట. కాబట్టి విశ్వాసం లేనివాళ్లను గుమ్మం తొక్కనివ్వకూడదట. చివర రెండు ఫొటోలు: ఒకదాంట్లో చర్చి మధ్యలో రంగుల జారుడుబల్ల, ఇంకోదాంట్లో పైకప్పు కింద వేలాడే పెద్ద చంద్రుడు.

ముందు చంద్రుడి సంగతి. అది ల్యూక్ జెర్రమ్ అనే బ్రిటిష్ కళాకారుడు చేసిన ఏడు మీటర్ల గోళం. చంద్రుడి అసలు ఫొటోలను దాని మీద ముద్రించారు. ఊరూరా తిరుగుతుంది. దానికి ఎవరూ మొక్కడం లేదు. అంతే, ముందుకు వెళ్దాం.

జారుడుబల్ల ఫొటో నిజమే, 2019 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని నార్విచ్ కెథడ్రల్‌లో తీసింది. కానీ దాని కింద రాసిన "బలిపీఠం పీకేసి పెట్టారు" అన్నది పచ్చి అబద్ధం. కొద్దిరోజులుంచి తీసేశారు. అది ఎందుకు పెట్టారో ఆ ఫొటో పంపినవాళ్లలో ఒక్కరైనా అడిగారా? నార్విచ్ పైకప్పులో కమానులు కలిసే ప్రతిచోటా చెక్కిన రాయి ఉంటుంది. అలాంటివి ఆ ప్రాంగణం మొత్తంలో వెయ్యికి పైనే. సృష్టి నుంచి అంతిమ తీర్పు దాకా బైబిల్ కథలన్నీ అక్కడ తలల మీదే ఉన్నాయి. ఎర్ర సముద్రంలో రథంతో సహా మునిగిపోతున్న ఫరో కూడా ఉన్నాడు. కింద నిలబడితే మెడ నొప్పి తప్ప ఏమీ తెలియదు. ఎక్కినవాళ్లు ఆ రాళ్లను కాస్త దగ్గరగా చూస్తారని పెట్టారు. చివరి ఆదివారం బిషప్ ఆ జారుడుబల్ల మీద నుంచే ప్రసంగం చేశారు. నచ్చలేదంటే నచ్చలేదని చెప్పండి, అది వేరే మాట. లేని బలిపీఠం కథ ఎందుకు?

ఇక "ప్రార్థన తప్ప ఇంకేదీ" అన్న మాట. 1385లో లండన్ బిషప్ రాబర్ట్ బ్రేబ్రూక్ దేని గురించి మొత్తుకున్నాడో తెలుసా? అక్కడి సెయింట్ పాల్స్ కెథడ్రల్ లోపల జనం సరుకులు అమ్ముకుంటున్నారని, బంతులాడి కిటికీలు పగలగొడుతున్నారని. ఫ్రాన్స్‌లోని ఓసేర్ కెథడ్రల్‌లోనైతే ఈస్టర్ నాడు సాక్షాత్తూ చర్చి గురువులే (ఫాదర్లే), నేల మీద పరిచిన చిక్కుదారి చుట్టూ చేతులు పట్టుకుని, పాట పాడుతూ, బంతి విసురుకుంటూ నాట్యం చేసేవాళ్లు. 1538లో గానీ అది ఆగలేదు. స్పెయిన్‌లో సెవిల్ కెథడ్రల్‌లో బాలురు బలిపీఠం ఎదుట చేసే నాట్యం ఈనాటికీ ఉంది. మధ్యయుగంలో కెథడ్రల్స్‌లోని పెద్ద హాలు నిండా ఇప్పటిలా బల్లలుండేవి కావు. అది నాలుగు పనుల మీద జనం వచ్చిపోయే చోటు. వెయ్యేళ్ల చరిత్ర అంటూ మొదలుపెట్టేవాళ్లు ఆ వెయ్యేళ్లలో ఒక్క ఏడాదైనా తిరగేసి ఉండాల్సింది.

ఆరాధన ఆగిపోయి అద్దెకిచ్చుకుంటున్నారన్నదీ నిజం కాదు. ఇంగ్లండ్ కెథడ్రల్స్‌లో సాయంకాల ఆరాధన దాదాపు రోజూ ఉంటుంది, చాలాచోట్ల గాయకబృందంతో సహా. డబ్బు అవసరం మాత్రం ఉంది, కాదనను. అక్కడ రోజువారీ ఖర్చులకు ప్రభుత్వం నుంచి క్రమం తప్పకుండా వచ్చే సొమ్మేమీ లేదు. పైకప్పు మీది సీసం, అరిగిపోయే రాయి, ఆర్గన్ వాద్యం మరమ్మతు, అన్నీ వాళ్లే చూసుకోవాలి.

సంగీతం వినోదమేనన్న మాటే నాకు బాగా మంట పుట్టించింది. ఆ రాతి భవనాల్లో ఒక స్వరం పాడి ఆపితే అది వెంటనే ఆగదు. పైకెళ్లి, గోడలు తాకి, కొన్ని సెకన్లు గాల్లో నిలుస్తుంది. హడావుడిగా పాడితే ఒకదాని మీద ఒకటి పడి గందరగోళమవుతుంది. అందుకే అక్కడి పాట నిదానం నేర్చుకుంది. 12వ శతాబ్దం చివర పారిస్ నోత్రదామ్ కెథడ్రల్‌లో పెరొటాన్ అనే స్వరకర్త ఒక్క అక్షరాన్ని ఎంతోసేపు సాగదీసి, దాని మీద మూడు గొంతులను ఆడించాడు. పలు గొంతులు పలు స్వరాలు పాడే యూరప్ పద్ధతి పెరిగింది అలాంటి కప్పుల కిందే. 1910 సెప్టెంబర్ 6న గ్లాస్టర్ కెథడ్రల్‌లో ఇంగ్లిష్ స్వరకర్త వాన్ విలియమ్స్ తొలిసారి వినిపించిన రచననే తీసుకోండి. 16వ శతాబ్దంలో థామస్ టాలిస్ కీర్తనల కోసం కట్టిన బాణీ దానికి ఆధారం. తంత్రీవాద్యాలను పెద్ద బృందంగా, చిన్న బృందంగా విడదీసి, ఒకరు పలికింది ఇంకొకరు దూరం నుంచి అందుకున్నట్టు రాశాడు. అది ప్రార్థనా, కచేరీయా? ఆ గీత ఎక్కడ గీస్తారో చెప్పండి, నేనూ నేర్చుకుంటాను.

ఈ గొడవా కొత్తది కాదు. గ్లాస్టర్, హెరెఫర్డ్, వూస్టర్ కెథడ్రల్స్ గాయకులు కలిసి, ఏటా ఒకచోట వంతులవారీగా జరుపుకునే సంగీతోత్సవానికి మూడు వందల ఏళ్లు దాటాయి. గురువుల వితంతువులకూ అనాథ పిల్లలకూ దాని ద్వారానే విరాళాలు పోగయ్యేవి. 1875లో వూస్టర్ పెద్దలకు ఇదే పవిత్రత గుర్తొచ్చి వాద్యబృందాన్నీ టికెట్లనూ ఆపేశారు. జనం దానికి ఉత్తుత్తి ఉత్సవమని పేరు పెట్టారు. మూడేళ్లకు వూస్టర్ వంతు మళ్లీ వచ్చేసరికి వాద్యాలూ తిరిగొచ్చాయి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. 2024 ఫిబ్రవరిలో కాంటర్‌బరీ కెథడ్రల్‌లో, అందరూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడే డిస్కో జరిగింది. దాన్ని నేను సమర్థించను. ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను చంపిన చోటు అది. అక్కడికి వచ్చి, చెవులు మూసుకుని, వేరే ఎక్కడైనా వినగలిగే పాటలకు ఆడటంలో ఆ గోడలకు పనేముంది? టికెట్ల విషయంలోనూ నాకు బాధే. 1987లో వాటికన్, చర్చిల్లో కచేరీల గురించి రాసిన లేఖలో ప్రవేశం ఉచితంగా ఉండాలంది. ఆ మాట నాకు న్యాయంగా తోస్తుంది. మీ మెసేజ్ ఇంతవరకే చెప్పి ఉంటే నేనూ పదిమందికి పంపేదాన్ని.

కానీ అది అక్కడ ఆగలేదు. విశ్వాసం లేనివాళ్లను గుమ్మం తొక్కనివ్వొద్దంది. ఇది చరిత్ర తెలియక అన్న మాట కాదు, మనుషుల్ని విడదీసే మాట. దీనికి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ ఊరి పేరు చెప్తే చాలు.

1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకు ఆ కెథడ్రల్ కాలి, గోడలూ గోపురమూ మిగిలాయి. కప్పు నుంచి రాలిన మధ్యయుగపు మేకులను మూడింటిని కలిపి శిలువ చేశారు. శిథిల బలిపీఠం వెనక గోడ మీద "తండ్రీ, క్షమించు" అని చెక్కించారు. శిలువ మీద యేసు అన్న మాటలోని "వీరిని" అక్కడ లేదు. క్షమ కావలసింది అవతలివాళ్లకే అని ఆ గోడ అనలేదు.

పక్కనే కట్టిన కొత్త కెథడ్రల్‌ను 1962 మే 25న ప్రతిష్ఠించారు. ఐదు రోజులకు అక్కడ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన 'వార్ రిక్వియమ్' (యుద్ధమృతుల కోసం ప్రార్థనా సంగీతం) తొలి ప్రదర్శన జరిగింది. లాటిన్ ప్రార్థనల మధ్య, మొదటి ప్రపంచయుద్ధం ముగియడానికి వారం ముందు చనిపోయిన సైనికుడు విల్ఫ్రెడ్ ఓవెన్ కవితలను పెట్టాడాయన. అందులో ఒకటి, బైబిల్లో దేవదూత ఆపమనగానే ఆగిన అబ్రాహాము, ఇక్కడ ఆపమన్నా ఆగకుండా కొడుకును చంపేసే కవిత. ఆ మాటలు బలిపీఠం ఉన్న చోటే వినిపించాయి. ఒక ఇంగ్లిష్ గాయకుడు, ఒక జర్మన్ గాయకుడు, ఒక రష్యన్ గాయని కలిసి పాడాలని బ్రిటెన్ కోరిక. సోవియట్ ప్రభుత్వం విష్నెవ్‌స్కాయాను రానివ్వలేదు. పట్టుమని పదిరోజుల ముందు హెదర్ హార్పర్ ఆ భాగం నేర్చుకుని పాడింది. బాంబులు పడిన ఊళ్లో, జర్మనీ తరఫున రెండో ప్రపంచయుద్ధంలో ఉండి వచ్చిన ఫిషర్-డీస్కావ్ నిలబడి పాడాడు.

ఆ రాత్రి గుమ్మం దగ్గర ఎవరు నిలబడి, ఎవరిని ఏమని అడిగి వెనక్కి పంపాలో చెప్పండి. జర్మన్‌నా? ఓవెన్ కవితనా? కొడుకును పోగొట్టుకుని దేవుడి మీద అలిగి, పాట కోసం మాత్రమే వచ్చిన తల్లినా?

ఆ కొత్త కెథడ్రల్‌లో, శిథిలాల వైపు గోడ మొత్తం అద్దమే. దాని మీద జాన్ హటన్ పునీతులనూ దేవదూతలనూ చెక్కాడు. కాలిపోయిన పాత చర్చి నేల మీద నిలబడితే, ఆ దేవదూతల మధ్య నుంచి లోపలి బలిపీఠం కనిపిస్తుంది, తలుపు మూసి ఉన్నా సరే.